అరుంధతి కనిపించిందా?

మన పెళ్ళిళ్ళలో పురోహితుడుగారు అడిగే ప్రశ్న ఒకటుంది. దానికి తరతరాలుగా ఒకటే జవాబు. మూడుముళ్ళూ పడి, తలంబ్రాల సరదా తీరాక వధూవరులిద్దర్నీ పందిరి బయటికి తీసుకొచ్చి, ఆకాశంలోకి వేలు చూపించి ఆయన అడుగుతారు. "అదుగో అరుంధతి! కనిపించిందా అమ్మా?" అని. పట్టపగలు పదిన్నరకి ముహూర్తమైనా సరే, శ్రావణమాసపు మబ్బు నెత్తిమీద గొడుగులా పట్టివున్నా సరే, "కనిపించిందండీ" అనాలి. అంటాం. మీరూ అనే వుంటారు. నేనూ అన్నాను.

నా విషయంలో ఆకాశాన్ని అనడానికేం లేదు. మా పెళ్ళి 2003లో, మే నెలలో, రాత్రి ముహూర్తానికి జరిగింది. మబ్బు తునకైనా లేదు. లోపమల్లా నాదే. నాకు పదకొండో ఏటినుంచీ కళ్ళజోడుంది. అది లేకపోతే ఎదురుగా వస్తున్నది మనిషో గేదో తేలాలంటే పదడుగుల దూరందాకా రానివ్వాలి. ఆ పూట మా అమ్మ నా కళ్ళజోడు తీసి తన సంచీలో పడేసుకుంది. "ఫొటోల్లో బాగుండదే, ఒక్కపూట ఓర్చుకో" అంది. అందుచేత పురోహితుడుగారు చూపించిన వైపు నాకు కనిపించింది చీకటి ఒక్కటే. అయినా సిగ్గుపడుతున్నట్టు తల వంచుకుని "కనిపించింది" అన్నాను. పక్కనున్న మావారు కూడా గంభీరంగా "కనిపించింది" అన్నారు.

అలా మా దాంపత్యం ఒక చిన్న అబద్ధంతో మొదలైంది. దాన్ని గురించి మళ్ళీ ఆలోచించాల్సొస్తుందని నేననుకోలేదు.

ఈ ఏడు వైశాఖంలో మా అక్క కూతురి పెళ్ళయింది. దివిసీమలో, అవనిగడ్డకి దగ్గర్లో మా అక్కావాళ్ళ ఊళ్ళో, ఇంటిముందు తాటాకు పందిరేసి చేశారు. రాత్రి ముహూర్తం. నేను పెళ్ళికూతురి వెనకాలే నిలబడి జడ సర్దుతున్నాను. పురోహితుడుగారు పెద్దాయన, డెబ్భై దాటివుంటాయి. అలవాటు ప్రకారం వేలెత్తి, "కనిపించిందా అమ్మా?" అన్నారు.

మా పిల్ల ఆకాశంకేసి కాసేపు చూసి, "లేదండీ, కనిపించలేదు" అంది.

ఒక్క క్షణం పందిట్లో గాలి స్తంభించినట్టయింది. మా అమ్మ "హవ్వ!" అని నోరు నొక్కుకుంది. వియ్యపురాలు మా అక్క ముఖంలోకి చూసింది. మా అక్క నా ముఖంలోకి చూసింది. అరుంధతి కనబడకపోతే ఆయుష్షు దగ్గరపడ్డట్టేనని పెద్దలనే మాట అక్కడున్న సగంమందికి తెలుసు. నేను వెంటనే ముందుకి వంగి పిల్ల చెవిలో, "కనిపించిందని చెప్పెయ్యవే తల్లీ, అక్షింతలు పట్టుకుని జనం కాచుకునున్నారు" అన్నాను.

అది వెనక్కి తిరిగి, "కనిపిస్తే చెప్తాను పిన్నీ" అంది. పెంకెగా అనలేదు. మామూలుగా అంది.

పురోహితుడుగారి ముఖం చూడాలప్పుడు! కోపం వస్తుందనుకున్న మనిషికి కొత్త ఉత్సాహం వచ్చింది. "శుభం! కనిపించలేదంటేనే కదమ్మా నాకు చూపించే పని" అన్నారు. పందిరికి చుట్టిన లైట్ల తోరణాలు ఆర్పమన్నారు. పిల్ల పక్కన నిలబడి తాపీగా మొదలుపెట్టారు.

"ఉత్తరంకేసి చూడు. పైన నాలుగు చుక్కలు, మంచం కోళ్ళలా వున్నాయా? వాటికి తోకలాగా మూడు చుక్కలు. మొత్తం ఏడూ సప్తర్షులు. తోకలో వున్న మూడింట్లో నడిమిది వసిష్ఠుడు. ఆయన మీద చూపు నిలుపు. తొందరేం లేదు. ఆయన్ని ఆనుకుని ఇంకేమైనా వుందేమో చూడు."

నాలుగైదు నిమిషాలు పట్టింది. ఎవరూ మాట్లాడలేదు. "ఆఁ... వుందండీ! పక్కనే, చిన్నది!" అని పిల్ల చిన్నపిల్లలా ఎగిరింది. అప్పుడు పెళ్ళికొడుకు మెల్లిగా, "నాక్కూడా ఇప్పుడే కనిపించిందండీ" అన్నాడు. మొదట అడిగినప్పుడు అతను కనిపించిందని చెప్పేశాడు మరి! అందరూ గొల్లున నవ్వారు. అక్షింతలు పడ్డాయి. పెళ్ళి పెళ్ళిలా జరిగిపోయింది.

మర్నాడు కాఫీలప్పుడు ఆ పెద్దాయన ఒక మాట చెప్పారు. వేదాంతంలో 'స్థూలారుంధతీ న్యాయం' అని ఒకటుందిట. శంకరాచార్యులవారి భాష్యంలోనూ ఈ పోలిక వుందిట. సన్నటి అరుంధతిని ఒక్కసారే ఎవరూ పట్టుకోలేరు. అందుకని పక్కనున్న పెద్ద చుక్కని ముందు చూపించి, "అదే అరుంధతి" అంటారు. చూపు అక్కడ కుదురుకున్నాక "అది కాదు, దాని పక్కది" అంటారు. తెలిసినదాని చెయ్యి పట్టుకుని తెలియనిదాని దగ్గరికి నడవడమన్నమాట. "మొదట కనిపించదని తెలిసే పెద్దలు ఈ పద్ధతి పెట్టారమ్మా. అందరూ ముందే కనిపించిందనేస్తే నేను చూపించేదేముంది?" అన్నారాయన.

నాకు చెంప మీద చిన్న దెబ్బ తగిలినట్టయింది. ఆయన నన్నేం అనలేదు. ఆ పిల్ల చెవిలో నేనన్న మాట ఆయన విననూ లేదు. కాని నేను విన్నాను కదా!

ఇంటికొచ్చాక ఈ విషయం మీద మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. "అది వేడుకే, కంటి పరీక్ష కాదు. పిల్ల ఊఁ అంటే దాని సొమ్మేం పోయింది?" అంది అమ్మ. "ఆ రోజు మనం చదివిన మంత్రాలన్నిటికీ అర్థం తెలిసే చదివామా? ఇదీ అలాంటిదే" అన్నారు మావారు. ఈ వాదనలు తీసిపారేసేవి కావు. మనం రోజూ ఎన్ని ఆడటంలేదు! చుట్టాలింట్లో మాడిన ఉప్మా తిని "బాగుందండీ" అంటాం. పక్కింటావిడ కొత్త చీర నచ్చకపోయినా "రంగు మీకు నప్పింది" అంటాం. ఇవి లేకపోతే సంసారాలు సాగవు. నిజాన్ని కత్తిపీటలా పట్టుకు తిరిగే మనిషితో కాపరం చెయ్యడం కూడా కష్టమే.

అయినా నాకు నిద్ర పట్టలేదు. ఉప్మా బాగుందన్నప్పుడు ఎదుటి మనిషి మనసు కాపాడుతున్నాను. "కనిపించింది" అన్నప్పుడు నేనెవరి మనసు కాపాడాను? అక్కడున్నది నా భయం ఒక్కటే. నలుగురిలో వేరుగా నిలబడాల్సొస్తుందేమోనన్న భయం. సరే, ఆడాను. ఇరవై ఏళ్ళు దాటాక అదే అబద్ధాన్ని ఇంకో పిల్ల చెవిలో పొయ్యడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదేం?

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. నాతోపాటు బి.ఏ. చదివిన స్నేహితురాలొకతె వుంది. పెళ్ళయి వేరే ఊరు వెళ్ళింది. పదకొండేళ్ళపాటు ఎప్పుడు ఫోన్ చేసినా, "బాగున్నావుటే?" అంటే "ఆఁ, బాగున్నాను" అనేది. ఒకసారి ఎవరిదో గృహప్రవేశంలో కలిసినప్పుడు దాని మోచేతి పైన నల్లగా కమిలిన మచ్చ చూశాను. నేను చూశానని గ్రహించి, "తలుపు తగిలిందిలే" అంది. "అలాగా" అన్నాను. కొంగు కిందికి లాక్కుంది. ఇద్దరం భోజనాల దగ్గరికి వెళ్ళాం.

పన్నెండో ఏట అది ఇద్దరు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. తరవాత ఎప్పుడో మాటల్లో, "ఆ రోజు నువ్వు రెండోసారి అడిగివుంటే చెప్పేదాన్నేమో" అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. బాగాలేని అది బాగున్నానంది. చూసిన నేను చూడనట్టు ఊరుకున్నాను. "కనిపించింది" అనే అబద్ధానికీ "కనిపించలేదు" అనే అబద్ధానికీ మధ్య పదకొండేళ్ళు గడిచిపోయాయి.

అందుకే ఆ రాత్రి పందిట్లో నేనన్న మాట నాకంత బరువుగా అనిపించింది. కనిపించకపోయినా కనిపించిందని చెప్పమని ఆడపిల్లకి పెళ్ళిపందిట్లోనే నేర్పితే, ఆ అలవాటు ఎక్కడ ఆగుతుంది?

పెళ్ళయిన వారానికి మనుగుడుపులకి మళ్ళీ అందరం అక్కావాళ్ళ ఊరు చేరాం. మా అన్నయ్య కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడికి నక్షత్రాల పిచ్చి. అయిదంగుళాల అద్దమున్న టెలిస్కోపొకటి కొనుక్కున్నాడు. చూడ్డానికి బోరింగు పంపు గొట్టంలా వుంది. దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చాడు. బహుళపక్షం రోజులు, ఆ వేళకి చంద్రుడింకా రాడు. దానికితోడు కరెంటు పోయింది. రాత్రి ఎనిమిదింటికి డాబామీద చాపలు పరిచి కొత్త దంపతులు, అక్క, అమ్మ, మావారు, నేను కూర్చున్నాం. ఈసారి నా కళ్ళజోడు నా ముక్కుమీదే వుంది.

ముందు వసిష్ఠుణ్ణి కళ్ళతోనే వెతికాను. దొరికాడు. ఆయన పక్కన సన్నటి చుక్క. పున్నమి చంద్రుడి వెడల్పులో సగం కూడా లేదు వాళ్ళ మధ్య ఎడం. ఇన్నేళ్ళకి అరుంధతిని చూశాను! అరబ్బులు ఆ చుక్కకి 'సుహా' అని పేరు పెట్టారనీ, ఎవరూ పట్టించుకోనిదని దాని అర్థమనీ, దాంతో కంటిచూపు పరీక్షించేవారనీ మా మేనల్లుడు చెప్పాడు. మనవాళ్ళు మహాపతివ్రత అన్న చుక్కని ఇంకోచోట మరచిపోయిన చుక్క అన్నారన్నమాట. రెండూ తెలిసిన ఆడవాళ్ళకి అందులో ఆశ్చర్యపోవలసింది పెద్దగా లేదు.

తరవాత టెలిస్కోపులోంచి చూడమన్నాడు. వసిష్ఠుడు ఒకడు కాడు, ఇద్దరు! రెండు తెల్లటి చుక్కలు ఎడంగా, స్పష్టంగా వున్నాయి. 1617లోనే గెలీలియో, ఆయన శిష్యుడు కస్తెల్లి ఇది గమనించారుట. ఆ ఇద్దరిలో ఒక్కొక్కడూ మళ్ళీ జంటేనట. అది టెలిస్కోపుకి కూడా అందదు, వెలుగుని విడగొట్టి చూస్తేనే తెలుస్తుంది. 2009లో అరుంధతికి కూడా ఒక చిన్న తోడుచుక్క బయటపడింది. మొత్తం ఆరు! మా అమ్మ గొట్టంలోంచి కళ్ళు తియ్యకుండానే, "ఋషి కదరా, ఎన్ని రూపాలైనా ఎత్తగలడు" అంది. ఆ వెలుగు మన దగ్గరికి రావడానికి 80 ఏళ్ళు దాటుతుందిట. అంటే ఆ రాత్రి మా అమ్మ చూసింది ఆవిడ పుట్టకముందే బయల్దేరిన వెలుగు.

తరవాత జరిగిందే నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది. వాడు టెలిస్కోపుని మంచం కోళ్ళవైపు తిప్పాడు. పులస్త్యుడి నుంచి క్రతువు దాకా ఒక గీత గీసి, దాన్ని అంతే దూరం ముందుకి సాగదీస్తే రెండు నక్షత్రమండలాలు తగులుతాయిట. మన పాలపుంతలాంటివే, వేరే లోకాలు. బోడే అనే జర్మన్ 1774లో కనిపెట్టాడు. మెస్సియే అనే ఫ్రెంచాయన రాసిన జాబితాలో వాటి నంబర్లు 81, 82. "చూడత్తా" అన్నాడు.

కన్ను ఆనించాను. నల్లగా వుంది. అటూ ఇటూ నాలుగు చుక్కలు తప్ప మరేం లేదు. వెనకాల అందరూ తమ వంతుకోసం చూస్తున్నారు. "కనిపించిందా అత్తా?" అని వాడు ఆత్రంగా అడుగుతున్నాడు.

నిజం చెప్పొద్దూ, "ఆఁ, కనిపించిందిరా, భలేగా వుంది" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. పాపం వాడు అంత బరువు మోసుకొచ్చాడు. వాడి సంతోషం కోసం అన్నా తప్పు లేదు. ఇది ఉప్మా జాబితాలోకే వస్తుంది. కాని చాపమీంచి మా పెళ్ళికూతురు నావైపే చూస్తోంది.

"లేదురా. నాకేం కనిపించలేదు" అన్నాను.

వాడు ఏమాత్రం నొచ్చుకోలేదు. "సూటిగా చూడకు. కాస్త పక్కకి చూడు, ఓరగా" అన్నాడు. మన కంటి నడిమధ్య భాగం పగటివెలుగులో పనికొస్తుందిగాని చీకట్లో మందమట. మసక వెలుగుని పట్టుకునే కణాలు దాని చుట్టూ పక్కల వుంటాయిట. అందుకని చూడదలుచుకున్నదాని మీద కాక, దాని పక్కన చూపు పెట్టాలి. ఓరచూపు ఆడవాళ్ళకి కొత్తగా నేర్పాలా? పక్కనున్న చుక్కమీద చూపు పెట్టి వూపిరి బిగబట్టాను. ఒక నిమిషం గడిచింది. చూపు కొసన ఏదో తెల్లగా కదిలినట్టయింది. ముగ్గు వేశాక చేత్తో తుడిచేస్తే గచ్చుమీద మిగిలే మరకలా వుంది. ఒకటి గుండ్రంగా, పక్కది సన్నగా కోలగా. సూటిగా చూస్తే మాయం. ఓరగా చూస్తే వుంది. అది బయల్దేరింది 1 కోటీ 20 లక్షల ఏళ్ళ క్రితం. అప్పటికి భూమ్మీద మనిషన్నవాడే లేడు.

"కనిపించలేదు" అన్న తరవాతే నాకది కనిపించింది. ముందే కనిపించిందని లేచిపోయివుంటే వాడు ఓరచూపు సంగతి చెప్పేవాడే కాదు.

ఆ కోలగా వున్న 82లోనే 2014 జనవరిలో ఒక నక్షత్రం పేలింది. దాన్ని మొదట పట్టుకున్నది లండన్ యూనివర్సిటీ కాలేజీలో పాఠం చెప్పే స్టీవ్ ఫాసీ, ఆయన దగ్గరున్న నలుగురు విద్యార్థులు. మబ్బులు కమ్ముకొస్తున్నాయని పది నిమిషాల్లో పాఠం ముగించేయాలనుకుంటూ టెలిస్కోపు అటు తిప్పారు. అక్కడ ఇంతకుముందు లేని చుక్క ఒకటి వుంది. ఆ బొమ్మ అంతకుముందు ఎలావుండేదో ఆయన సరిగ్గా చూసి పెట్టుకున్నాడు కాబట్టి తేడా తెలిసింది. నాకు మళ్ళీ మోచేతి మీది మచ్చ గుర్తొచ్చింది. నేనూ తేడా చూశాను. చూసి భోజనాలకి వెళ్ళాను.

మెస్సియే జాబితాలో 40వ నంబరు కథ ఇంకా బాగుంది. హెవీలియస్ అనే పేరుమోసిన జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సప్తర్షుల్లో అత్రి దగ్గర ఒక మబ్బుచుక్క వుందని రాశాడు. 1764లో మెస్సియే దానికోసం వెతికాడు. మబ్బేమీ లేదు. మసకగా రెండు చుక్కలు మాత్రం పక్కపక్కన వున్నాయి. అంత పెద్దాయన వుందన్నాడు కదా, మనకీ వున్నట్టే రాద్దామనుకోలేదు మెస్సియే. మబ్బు లేదు, రెండు చుక్కలే వున్నాయి అని ఉన్నదున్నట్టు రాసి, వాటికి 40 అని నంబరు వేసుకున్నాడు. కనిపించనిదాన్ని కనిపించలేదని రాసినందుకు గుర్తుగా ఆ నంబరు ఈనాటికీ వుంది.

ఆ రెండు చుక్కల్నీ కూడా చూశాం. మా పెళ్ళికూతురు, "ఇవి కూడా వసిష్ఠుడూ అరుంధతీ లాంటి జంటేనా బావా?" అంది. "కాదు" అన్నాడు వాడు. ఒకటి మనకి దగ్గర, రెండోది దాని వెనకాల ఎక్కడో చాలా దూరంలో వుందిట. మనమున్నచోటునుంచి చూస్తే ఒకే వరసలో పడి జంటలా కనిపిస్తాయిగాని వాటికీ వీటికీ ఏ సంబంధమూ లేదు. అరుంధతీ వసిష్ఠులు అలా కాదు. వాళ్ళు ఆకాశంలో ఒకేవైపు, ఒకే వేగంతో కలిసి నడుస్తున్నారు. సప్తర్షుల్లో అయిదుగురు అలా కలిసి నడుస్తున్నారనీ, అటుచివర క్రతువు, ఇటుచివర మరీచి మాత్రం వేరే దారినపోతున్నారనీ 1869లో రిచర్డ్ ప్రాక్టర్ అనే ఆయన తేల్చాడు.

పక్కపక్కన కనిపించడం వేరు, కలిసి నడవడం వేరు. ఇది ఒక్కచూపుకి తెలిసేది కాదు. నా స్నేహితురాలి పెళ్ళిఫొటోలో ఇద్దరూ ఎంత పక్కపక్కన వుంటారో!

ఆ చీకట్లో మావారు గొంతు సవరించుకుని, "ఏమోయ్, ఒక మాట. మన పెళ్ళిలో నేను అరుంధతి అనుకుని చూసింది పక్కింటి మేడమీది బల్బుని" అన్నారు. అందరూ నవ్వుతూంటే నేను నా కళ్ళజోడు సంగతి చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఆ రోజు కళ్ళజోడు నీకిచ్చివుండాల్సిందే" అంది. మా అమ్మ అలాంటి మాట అనడం నేనెరుగుదును గనక, దాన్ని క్షమాపణ కిందే లెక్కేసుకున్నాను.

ఇంటికొచ్చాక ఆ వసిష్ఠుడి లోపలి జంట సంగతి పుస్తకాల్లో వెతికాను. సైన్సు నాకు రాదు, కాని అక్కడ ఒక ఆడమనిషి దొరికింది. ఆంటోనియా మోరీ. 1887లో వాసర్ కాలేజీలో పట్టా పుచ్చుకుంది. అమెరికాలో హార్వర్డ్ నక్షత్రశాలలో పికరింగ్ అనే డైరెక్టరు కింద పనిచేసింది. టెలిస్కోపుతో తీసిన గాజుపలకల్ని ఆడవాళ్ళు పగలంతా కూర్చుని భూతద్దాలతో పరీక్షించేవారు. వసిష్ఠుడి వెలుగులో ఒక గీత అప్పుడప్పుడు రెండుగా చీలుతోందని, అంటే అక్కడ రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని 1889లో లోకానికి తెలిసింది ఆ పలకల వల్లే. ఆ రకం జంటల్లో మొదటిది అది. రెండోది ఈవిడే కనిపెట్టింది.

నక్షత్రాల వెలుగుగీతల్లో కొన్ని మరీ సన్నగా, పదునుగా వుండడం ఆవిడ గమనించి వాటికి వేరే గుర్తు పెట్టింది. పికరింగ్ దానికి విలువ ఇవ్వలేదు. ఆయనకి పని తొందరగా జరగడం కావాలి. ఆవిడ మాత్రం తనకి కనిపించినదాన్ని కనిపించలేదని రాయడానికి ఒప్పుకోలేదు. తన పనికి తన పేరుండాలని కూడా పట్టుబట్టింది. ఆవిడ గ్రంథం 1897లో ఆవిడ పేరుతోనే అచ్చయింది. 1905లో హెర్ట్‌స్ప్రుంగ్ అనే డేనిష్ శాస్త్రజ్ఞుడు ఆ గుర్తున్న నక్షత్రాలు మిగతావాటికంటే ఎన్నోరెట్లు ప్రకాశమైనవని చూపించాడు. 1922లో అంతర్జాతీయ ఖగోళసంఘం ఆ గుర్తుని తన పద్ధతిలో చేర్చుకుంది. కనిపించలేదన్నందుకు మా పిల్లకి ఒక్క నిమిషం ఇబ్బంది. కనిపించిందన్నందుకు ఆవిడకి అన్నేళ్ళు. చిత్రమేమిటంటే రెండుచోట్లా కావలసింది ఒకటే ధైర్యం.

మరి మన అరుంధతి? భారతం ఆదిపర్వంలో ఒక మాట వుంది. వసిష్ఠుడంతటివాణ్ణి అనుమానించినందువల్ల ఆవిడ వెలుగు తగ్గి, పొగ కమ్మినట్టయి, కనిపించీ కనిపించకుండా పోయిందట. ఆదర్శానికి నిలబెట్టిన ఇల్లాలికే ఒక అనుమానం వచ్చింది, మనసులో పెట్టుకున్నందుకే శిక్ష కూడా పడిందన్నమాట. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. కాని లెక్కలు కట్టినవాళ్ళు చెప్పేదేమిటంటే, ఆ చిన్నచుక్క మన సూర్యుడికంటే పదిరెట్లకి పైగా వెలుగుతోందిట. ఆవిడ వెలుగు ఎక్కడా తగ్గలేదు. పక్కన ఇంకా పెద్ద వెలుగుంది, చూసే మనం దూరంగా వున్నాం. అంతే.

మొన్న నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఎప్పటిలా "బాగున్నావుటే?" అని మొదలుపెట్టలేదు. "ఆ గృహప్రవేశం రోజు నీ చేతిమీది మచ్చ తలుపు తగిలింది కాదని నాకు తెలుసే. చూశాను. చూడనట్టు ఊరుకున్నాను" అన్నాను.

అది చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నువ్వు చూశావని నాకూ తెలుసు" అంది.

తరవాత దానికి ఈ పెళ్ళికథంతా చెప్పాను. నవ్వింది. కాసేపాగి, "ఇంతకీ ఆ అరుంధతి ఎక్కడుంటుందే? ఆ రోజు నాకూ కనిపించలేదు" అంది. మబ్బేమైనా వుందా అని అడిగాను. లేదంది. ఫోన్ చేత్తో పట్టుకునే డాబా ఎక్కమన్నాను. నేనూ కళ్ళజోడు తుడుచుకుని మా డాబామీదికి వచ్చాను.

"ఉత్తరంకేసి తిరిగావా? పైన నాలుగు చుక్కలు, మంచం కోళ్ళలా... కనిపించకపోతే కనిపించలేదని చెప్పు, తొందరేం లేదు."